స్మైలీ వారి విడిది

న్యూయార్కు మహానగరమునకు ఉత్తరముగా సుమారు 90 మైళ్ల దూరమున షావంగంక్ అను కొండల వరుస యొకటి కలదు. స్ఫటికపు గులకలు గట్టిపడి యేర్పడిన తెల్లని రాతికొండలవి. ఆ రాతిని చెక్కి పిండిమరలకు తిరుగలి రాళ్లుగా అమ్ముకొనుట పూర్వము అచటివారికొక జీవనోపాధిగా నుండెడిది. ఆ కొండ నెత్తిమీద, సముద్రమట్టమునకు 1,200 అడుగులకు పైగా ఎత్తున, అర మైలు పొడవు గల చిన్న సరస్సు ఉన్నది. దాని గట్టును అంటిపెట్టుకొని దాదాపు ఒక ఫర్లాంగు పొడవున, ఏడు అంతస్తులతో, ఒక భవనము నిలిచియున్నది. దానికి మోహాంక్ మౌంటెన్ హౌస్ అని పేరు. రెండు వందల యాభైకి పైగా గదులు గల ఈ విలాసవంతమైన విడిది 1869 నుండి నేటి వరకు ఒకే కుటుంబము చేతిలో నున్నది. ఆ కుటుంబము వారి ఇంటిపేరు స్మైలీ.

అన్నదమ్ముల పంపకములు ఎట్లు జరుగునో, పంపకము తరువాత పెద్దల ఆస్తి ఏ రూపమున మిగులునో మన శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. ఒక శతాబ్దమున్నర పాటు ఒక కుటుంబము ఒక కొండను, ఒక సరస్సును, ఒక పూటకూటి వ్యాపారమును చెదరకుండ నిలుపుకొన్నదనగా అది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనవలెనను కుతూహలము కలుగుట సహజము. అయితే ఈ కథలో వ్యాపారము కంటె పెద్ద సంగతి యొకటి ఇమిడియున్నది. ఆ భవనపు సభామందిరములో కూర్చుండి కొందరు సజ్జనులు, అచట లేని లక్షలాది జనుల భవితవ్యమును చర్చించిరి. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

ఆల్బర్ట్ స్మైలీ, ఆల్‌ఫ్రెడ్ స్మైలీ కవల సోదరులు. 1828లో మెయిన్ రాష్ట్రమున జన్మించిరి. ఇరువురును ఒకే కళాశాలలో చదివి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిరి. పిదప ఆల్బర్ట్ రోడ్ ఐలండు రాష్ట్రమందలి ప్రావిడెన్సు పట్టణమున ఒక పాఠశాలకు అధిపతి యయ్యెను. ఆల్‌ఫ్రెడ్ మాత్రము పొకీప్సీ సమీపమున వ్యవసాయము చేయుచుండెను. 1869లో ఆల్‌ఫ్రెడ్ ఒకనాడు విహారార్థము ఈ కొండ యెక్కి, సరస్సును చూచి, వెంటనే సోదరునకు కబురంపెను. ఆల్బర్ట్ వచ్చి చూచెను. సరస్సు పక్కన జాన్ స్టోక్స్ అను నతడు పది గదుల సారాయి సత్రము నడుపుచుండెను. తాగి అల్లరిచేసిన వారిని అతడు మత్తు దిగువరకు చెట్టునకు గొలుసుతో కట్టివేసెడివాడని చెప్పుకొందురు.

ఆ సత్రముతో కూడ 280 ఎకరములకు స్టోక్స్ 28,000 డాలర్లు అడిగెను. ఆల్బర్ట్ వృద్ధాప్యమునకై కూడబెట్టుకొన్న సొమ్ము అందులో సగము మాత్రమే. ఉపాధ్యాయులు సామాన్యముగా అప్పునకు వెరతురు. ఈ ఉపాధ్యాయుడు వెరువలేదు. అప్పుచేసి కొనెను. తాను కోరినది విశ్రాంతికై ఒక ఇల్లు. కాని అప్పు తీరు దారి వెదుకవలసి వచ్చినందున ఆ ఇల్లు అతిథిగృహమైనది. 1870 వేసవిలో దాని తలుపులు తెరచిరి. మొదటి తొమ్మిది సంవత్సరములు ఆల్బర్ట్ పాఠశాల కొలువు మానలేదు. కొండమీది వ్యవహారమంతయు ఆల్‌ఫ్రెడ్ నడపెను; జీతపు డబ్బు అప్పులకు పోవుచుండెను.

సోదరులు క్వేకరు మతస్థులు. క్రైస్తవములోనే అదియొక శాఖ. ఆ శాఖవారు యుద్ధమును సమ్మతింపరు, ఆడంబరము నొల్లరు, మద్యము ముట్టరు. కావున సారాయి సత్రముగా నున్న చోట మద్యము నిషిద్ధమైనది. పేకాట లేదు. నృత్యము లేదు. ఉదయము అల్పాహారమైన తరువాత కొద్ది నిముషములు ప్రార్థన జరుగును. డబ్బు చెల్లించి సుఖపడుటకు వచ్చినవారికి ఇన్ని కట్టుబాట్లా యని ఎవరికైనను సందేహము కలుగును. కాని పిల్లాపాపలతో వేసవి గడుపదలచిన మర్యాదస్తులైన గృహస్థులకు ఇట్టి చోటే కావలసియుండెను. వచ్చిన కుటుంబములు మరల మరల వచ్చెను. వారి పిల్లలు తమ పిల్లలను తెచ్చిరి. మోటారుకారును 1930 ప్రాంతము వరకు కొండమీదికి రానీయలేదు; అతిథులు గుఱ్ఱపుబండిలోనే రావలసియుండెను. ఆ బండ్లకై వేసిన బాటలు డెబ్బది మైళ్లకు పైగా నేటికిని నిలిచియున్నవి. ఆ బాటల పొడవునను, సరస్సు చుట్టును, రాతి అంచులపైనను దేవదారు దుంగలతో కట్టిన చిన్న పందిరిగూళ్లు వందకు మించి యున్నవి. నడచి అలసినవారు వానిలో కూర్చుండి లోయను చూచుచుందురు. నేడు మద్యము మొదలగు విషయములలో కట్టుబాట్లు సడలినవి. గదులలో మాత్రము టెలివిజను పెట్టెలు ఉండవు. రేడియో వారము గనుక ఈ సంగతి చెప్పుటలో మాకు కొంత సంతోషము కలదని ఒప్పుకొందుము.

భవనమును గూర్చి ఒక మాట. అది ఒక్కసారి కట్టినది కాదు. 1879 మొదలు 1910 వరకు కూడిన ధనమును బట్టి ముక్క తరువాత ముక్కగా కట్టిరి. ఒక భాగము కొయ్య, ఇంకొకటి రాయి. ఒకచో బురుజు, మరియొకచో వసారా. మన పల్లెలలో ఇంట పెండ్లియైనప్పుడెల్ల ఒక గది చేర్చుచు పోయిన లోగిలి గుర్తుకు వచ్చును. శిల్పశాస్త్రజ్ఞులు దీనిని మెచ్చుకొనవలెనా, మానవలెనా యని తడబడుదురేమో. మాకు మాత్రము ఆ అతుకులలోనే దాని అందమున్నట్లు తోచును.

ఇక సభల సంగతి. 1879లో అధ్యక్షుడు హేస్ ఆల్బర్ట్ స్మైలీని ఇండియనుల వ్యవహారములను పరిశీలించు ప్రభుత్వ సంఘమున సభ్యునిగా నియమించెను. ఇచట ఇండియనులనగా మనము కాము. కొలంబసు పొరపాటు వలన ఆ పేరు మోయుచున్న అమెరికా ఆదివాసులు. సంఘపు సమావేశములు హడావుడిగా ముగియుచుండుట ఆల్బర్టునకు నచ్చలేదు. 1883 నుండి ప్రతి సంవత్సరము శరత్కాలమున, ఇండియనుల మేలు కోరువారిని పిలిచి, తన అతిథిగృహములో తన ఖర్చుతో మూడేసి దినములు సభలు జరిపించెను. శాసనసభ్యులు, మతాచార్యులు, విద్యాధికులు, పత్రికాసంపాదకులు వచ్చిరి. ఉదయము చర్చ, మధ్యాహ్నము బండి షికారు, రాత్రి మరల చర్చ. నిర్ణయములు అచ్చయి వాషింగ్టనునకు పోవుచుండెను. అచట వానికి విలువ యుండెను.

ఆ సభలు గట్టిగా కోరిన దేమనగా: తెగలకు ఉమ్మడిగా నున్న భూమిని విభజించి ఒక్కొక్క కుటుంబమునకు వేరువేరుగా పంచవలెను. సొంత పొలము వచ్చినచో ఇండియను రైతగును, పౌరుడగును, ఇతరులతో సమానుడగును అని వారి తలంపు. 1887లో ఆ భావమే చట్టమైనది. దానిని ప్రవేశపెట్టిన సెనేటరు డాస్ మోహాంక్ సభలకు వచ్చిన వారిలో ఒకడు. కుటుంబ యజమానికి 160 ఎకరములు ఇచ్చిరి. పంచగా మిగిలినది మిగులు భూమియని ఇతరులకు అమ్మిరి. పంచియిచ్చినదియు అప్పులకు, పన్నులకు, మోసములకు జారిపోయెను. 1887లో ఆదివాసుల చేతిలో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరములుండగా, ఆ విధానమును విరమించిన 1934 నాటికి మిగిలినది సుమారు 4 కోట్ల 80 లక్షల ఎకరములు.

స్మైలీ ఇందులో ఒక గజము నేలయైనను ఆశించినవాడు కాడు. సభలకు వచ్చినవారిలో అనేకులు దయాళువులు. కాని ఆ దయ ఎవరి మీద ప్రసరించుచున్నదో వారిని పిలిచి, మీకేమి కావలెనని యడుగుట అరుదుగానే జరిగినది. మేము ఈ చరిత్రను చదువుచున్నంతసేపు మనస్సును వదలని విషయమొకటున్నది. స్మైలీ కుటుంబపు బలమంతయు భూమిని పంచకుండుటలోనే యున్నది. 280 ఎకరములతో మొదలిడి, ఇరుగుపొరుగు పొలములను ఒక్కొక్కటిగా చేర్చి, వేల ఎకరములను ఒక్క ముక్కగా నిలిపిన గృహస్థుడు, పరుల ఉమ్మడి భూమికి మాత్రము పంపకమే శ్రేయస్కరమని నమ్మెను. మోహాంక్ అను పేరు సైతము ఆదివాసుల నుండి వచ్చినదే. 1677లో ఈసోపస్ తెగవారు ఫ్రెంచి వలసదారులకు ఆ ప్రాంతపు నేలను అమ్మినప్పటి పత్రమున కనిపించు స్థలనామమది.

1890, 1891 సంవత్సరములలో నీగ్రోల సమస్యను గూర్చి ఇదే చోట రెండు సభలు జరిగినవి. ఆ మాట నాటిది, నేడు నల్లజాతివారందుము. హేస్ అధ్యక్షత వహించెను. నల్లజాతి ప్రతినిధి ఒక్కడైనను ఆహ్వానింపబడలేదు. ఆల్బియన్ టూర్జీ అను న్యాయవాది సభలోనే నిలిచి ఈ లోపమును ఎత్తిచూపెను. ఆయన మాటలు సభవారికి రుచించినట్లు లేవు.

మూడవ విధమైన సభలు 1895లో ప్రారంభమైనవి. దేశముల మధ్య తగవులను యుద్ధముతో గాక మధ్యవర్తిత్వముతో తీర్చుకొనవలెనని వీని ఆశయము. 1899లో హేగు నగరమున శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానము నెలకొల్పబడినప్పుడు మోహాంక్ కొండమీద ఎంతో ఉత్సాహము కలిగెను. 1914లో ఐరోపా భగ్గుమన్నది. 1916తో ఈ సభలు ఆగిపోయినవి.

ఆల్‌ఫ్రెడ్ కథ వేరు దారి పట్టినది. 1879లో అతడు అదే కొండవరుసలో కొన్ని మైళ్ల దూరమున మిన్నెవాస్కా సరస్సు గట్టున తన సొంత విడిది కట్టెను. 1887లో రెండవది లేపెను. సోదరులకు తగవు లేదు. కాని ఆల్‌ఫ్రెడ్ సంతతి 1955లో ఆ ఆస్తిని అమ్మివేసిరి. కొయ్యతో కట్టిన ఆ రెండు భవనములును ఒకటి 1978లో, మరియొకటి 1986లో అగ్నికి ఆహుతి యయ్యెను. నేడా సరస్సు ప్రభుత్వపు ఉద్యానవనము.

ఆల్బర్టునకు వారసులు లేరు. ఉన్న ఒక్క కూతురు బాల్యములోనే పోయెను. సవతి తమ్ముడగు డేనియల్‌ను 1881లో పిలిపించుకొని పని నేర్పెను. ఇరువది యెనిమిదేండ్లు చిన్నవాడైన ఆ తమ్ముడు కుమారుని వలె మెలగెను. 1912లో ఆల్బర్ట్ మరణించినప్పుడు ఆస్తియంతయు డేనియల్ చేతికి చిక్కులేకుండ వచ్చినది. ఇప్పటి యజమానులు ఆయన వంశమువారే. అన్నగారి జ్ఞాపకార్థము కొండ శిఖరమున ఒక రాతి గోపురమును 1921 నుండి 1923 వరకు కట్టించిరి. రాయి తీసిన గోతిని వ్యర్థముగా విడువక, నీటితో నింపి అగ్నిప్రమాద నివారణకై ఉంచిరి. కొండమీది కొయ్య కట్టడములన్నిటికిని భయము ఆ నిప్పే. ఆ భయమెంత సత్యమో మిన్నెవాస్కా చెప్పనే చెప్పినది.

మూడవ తరమువారికి కష్టము మరియొక వైపు నుండి వచ్చినది. రైలుబండి నాటి వేసవి విడుదులు కారు నాటికి, విమానము నాటికి పాతబడినవి. ఆ ప్రాంతమునందే 1824లో వెలసి దేశమంతట పేరెన్నికగన్న కాట్స్‌కిల్ మౌంటెన్ హౌస్ పాడుపడిపోగా, 1963 జనవరిలో ప్రభుత్వమువారే దానిని తగులబెట్టించిరి. సరిగా ఆ సంవత్సరముననే స్మైలీలు మోహాంక్ ట్రస్టును స్థాపించిరి. వేల ఎకరముల అడవిని ఒక విడిది రాబడితో పోషించుట అసాధ్యమని వారు గ్రహించిరి. ముక్కలుచేసి ఇండ్లస్థలములుగా అమ్మినచో మంచి ధనము వచ్చియుండును. వారు అట్లు చేయక, భవనమును, దాని చుట్టునున్న కొంత నేలను మాత్రము కుటుంబమునకు ఉంచుకొని, అడవిలో అధికభాగమును క్రమముగా ట్రస్టునకు బదిలీ చేసిరి. ట్రస్టు నేడు మోహాంక్ ప్రిజర్వ్ అను పేరుతో ఎనిమిది వేలకు పైగా ఎకరములను కాపాడుచున్నది. కొండరాళ్లు ఎగబ్రాకు క్రీడాకారులు, నడకకు వచ్చు సామాన్యులు స్వల్పరుసుము చెల్లించి ఆ బాటలలో తిరుగుచున్నారు. భవనమునకు 1986లో జాతీయ చారిత్రక చిహ్నమను గౌరవము లభించినది.

ఈ కుటుంబపు పనులలో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచునది ఎవరికిని కనబడని చిన్న పని. 1896 జనవరి మొదలు సరస్సు దగ్గర ప్రతిదినము ఉష్ణోగ్రతను, వర్షపాతమును వ్రాసి యుంచుచున్నారు. డేనియల్ మనుమడు, తాతగారి పేరే గల రెండవ డేనియల్, 1989లో మరణించువరకు ఈ పనికి తన జీవితమును ధారపోసెను. ఏ పువ్వు ఏనాడు విచ్చినది, ఏ పక్షి ఏనాడు వచ్చినది అన్నియు చిన్న చీటీలపై నమోదు చేసెను. కొలతల చోటు మారలేదు, పట్టణము వచ్చి దానిని చుట్టుముట్టలేదు. అందుచే శాస్త్రజ్ఞులు ఈ లెక్కలను అమూల్యముగా ఎంచుచున్నారు. ఒక శతాబ్దపు పైబడిన కాలములో అచట సగటు ఉష్ణోగ్రత రెండున్నర ఫారన్‌హీటు డిగ్రీలకు పైగా పెరిగినదని ఆ చీటీలు తెలుపుచున్నవి. సంఖ్యలు వ్రాయుట నేటికిని ఆగలేదు.