చేతినిండా పని... అడిగితే ‘ఇంట్లోనే ఉంటా’!

ధర్మవరం అనగానే పట్టుచీర గుర్తొస్తుంది. హిందూపురం అంటే చింతపండు, ఎండుమిరప. పెనుకొండ అంటే కోట... ఇప్పుడైతే కార్ల ఫ్యాక్టరీ కూడా! బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు రైలెక్కితే వరసగా తగిలే ఊళ్ళివి. మొదట్నుంచీ అనంతపురం జిల్లావి. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి.

ఈ మూడు ఊళ్ళలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మధ్యాహ్నంపూట అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళని చూడండి. ఒక్కరి చేతులూ ఖాళీగా ఉండవు. ‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగి చూడండి. ‘ఏం ల్యాదక్కా, ఇంట్లోనే ఉంటా’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట అంటూనే ఒక చేయి రాట్నం తిప్పుతుంటుంది, ఇంకో చేయి పోగు సర్దుతుంటుంది!

అమ్మ పేరు పెట్టుకున్న ఊరు

ధర్మవరానికి ఆ పేరు ఒక తల్లి వల్ల వచ్చిందని స్థలచరిత్ర. క్రియాశక్తి ఒడయరు ఇక్కడ చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరు నిలిచేలా ఊరికి ధర్మవరమని పెట్టాడట. హిందూపురం పేరు గుత్తి మురారిరావు తండ్రి హిందూరావుదని చెబుతారు. పెనుకొండ సంగతి మనం చిన్నప్పుడు చదువుకున్నదే... 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. గగన్‌మహల్, బాబయ్య దర్గా చూడ్డానికి ఇప్పటికీ జనం వస్తూనే ఉంటారు.

కొడుకు రాజైతే తల్లి పేరు నిలిచింది. మామూలు ఇంటి ఆడపిల్ల పేరు నిలవాలంటే? అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం కథ తెలుసు కదా. చెరువు కట్ట నిలవడానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశారు. రోజూ కట్ట మీద మట్టి మోసిన ఆడకూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. సరే, అది పాతకాలం. ఇప్పటి సంగతి చూద్దాం.

పులుపు వెనక వేళ్ళు

హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు సీజన్ ఎండలతోపాటే మొదలవుతుంది. పేపర్లో ధరలు చూసేవాళ్ళకి ‘కరిపులి’, ‘ఫ్లవర్’ అనే రెండు రకాలూ తెలిసే ఉంటాయి. కరిపులికి ధర ఎక్కువ, ఫ్లవర్‌కి తక్కువ. మనం చారులోకి పిసుక్కునే చింతపండు చెట్టు నుంచి నేరుగా మార్కెట్టుకి రాదుగా! కాయ ఎండాలి. పైన పెంకు ఒలవాలి. ఈనెలు లాగాలి. కొట్టి, గింజ తీయాలి. గింజ మిగిలినా, ఈనె మిగిలినా వ్యాపారి ధర తగ్గిస్తాడు. అంటే సరుకు విలువ పెరిగేది ఈ పని దగ్గరే. చేసేవాళ్ళు దాదాపు అంతా ఆడవాళ్ళే. కూలి కిలోల లెక్కన. వంటయ్యాక కూర్చుని, పిల్లలొచ్చేదాకా ఒలిచి, మళ్ళీ రాత్రి బల్బు కింద ఒలుస్తారు కనుక దాన్ని ‘ఉద్యోగం’ అని ఎవరూ అనుకోరు. పులుపుకి వేళ్ళ చివర్లు చిట్లుతాయి. అదే చేత్తో కారం కలపాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

తీసేసిన గింజ కూడా వృథా కాదండోయ్! చింతగింజల పొడి నూలుకి గంజి పెట్టడానికి బట్టల మిల్లులకి వెళ్తుంది.

పురుగుకి జ్వరం... ఇల్లాలికి జాగారం

హిందూపురం, మడకశిర, పెనుకొండ పల్లెల్లో మల్బరీ తోటలు ఎక్కువ. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పురుగు గూడు కట్టేదాకా సుమారు 25 నుంచి 28 రోజులు. ఈలోగా నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుండి, చర్మం విడుస్తుంది. దాన్నే రైతులు ‘జ్వరం’ అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూడాలి! మొత్తం మీద తినే ఆకులో నూటికి 80 పాళ్ళకి పైగా ఈ చివరి దశలోనే తినేస్తుంది. ఆ వారం రోజులూ ఇంట్లో నిద్ర ఎవరికీ సరిగ్గా ఉండదు. ఆకు కోయడం, మోయడం, మేత వెయ్యడం, పెంట తీసి పడక శుభ్రం చెయ్యడం, పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద వెయ్యడం... ఇందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచేదే. పసిబిడ్డని సాకినట్టే అని పోలుస్తుంటారు. పోలిక బాగానే ఉంది కానీ, అలా పోల్చడం వల్లే అది కూడా జీతం లేని పని అయిపోతోందేమోనని నాకనిపిస్తుంది.

గూళ్ళు మూటగట్టి మార్కెట్టుకు తీసుకెళ్ళేది మగవాళ్ళు. వేలంలో నిలబడేదీ, డబ్బు అందుకునేదీ వాళ్ళే. పొలం పాసుపుస్తకం ఎవరి పేరుంటే రైతు వాళ్ళే కదా!

పెనుకొండ దగ్గర ఎర్రమంచి పొలాల్లో వచ్చిన కియా ఫ్యాక్టరీ విషయంలోనూ ఇదే లెక్క. 2017లో ఒప్పందం కుదిరింది, 2019 డిసెంబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచెయ్యగలిగేలా కట్టారు. ఊరి రూపే మారింది, మంచిదే. కాకపోతే ఇలా ఎక్కడ భూమి తీసుకున్నా పరిహారం పట్టాదారు పేరున వస్తుంది. ఆ చేలో కలుపు తీసిన చేతులకి పట్టా ఎక్కడుంటుంది?

చీరలో కనిపించని సగం

పట్టుగూడు దారమై ధర్మవరం చేరాక కథ ఇంకా పెద్దది. నేత అంటే మన కళ్ళకి కనిపించేది గుంటమగ్గంలో కూర్చుని నాడె విసిరే మనిషి. ఆయన కూర్చోవడానికి ముందు ఎంత జరగాలో చూడండి. రేషం చిలపల్ని రాట్నం మీద చుట్టాలి. పడుగు పొయ్యాలి. పేకకి కండెలు చుట్టాలి. పాత పడుగు అయిపోగానే కొత్త పడుగుని దానికి అతకాలి. వేల పోగులు... ఒక్కో పోగునీ వేళ్ళ మధ్య మెలిపెట్టి కలపాలి. ఒక్కటి తప్పినా చీరలో గీత పడుతుంది. ఒంటి రంగొకటి, అంచు రంగొకటిగా ఉండే చీరలకైతే పక్కన కూర్చుని అంచు నాడె అందించే మనిషి కూడా కావాలి. ఆ మనిషి తరచుగా భార్యో కూతురో అయి ఉంటుంది. నేరుగా మగ్గమెక్కి నేసే ఆడవాళ్ళూ తక్కువేం కాదు.

కూలి మాత్రం చీరకింత అని ఇస్తారు. షావుకారు లెక్కలో అది ఒక మనిషి కూలి, ఇంట్లో చూస్తే ఇద్దరి ముగ్గురి కష్టం!

లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ళు కట్టిన చీరలు చూశారా? ఆ అంచులూ, అక్కడి స్తంభాల మీది డిజైన్లూ ధర్మవరం చీరల్లోకి వచ్చాయని చెబుతారు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పేరు మనకి తెలుసు. ధర్మవరం చేనేత పట్టుచీరలకీ, పావడలకీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి ఆ కండెలు చుట్టినవాళ్ళకి?

ఇదేదో పేరు కోసం పేచీ అనుకోకండి. పవర్‌లూమ్ చీరని చేనేత అని చెప్పి అమ్మేస్తుంటే చేనేతకి గిరాకీ పడిపోతుంది. ఫలానా రకాలు చేత్తోనే నెయ్యాలని 1985లోనే చట్టం చేశారు, అమలు సంగతి అందరికీ తెలిసిందే. గిరాకీ తగ్గి, రేషం ధర పెరిగి, అప్పుల్లో కూరుకుపోయి ధర్మవరంలో ఎందరో నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి ఇంట్లో మిగిలిన ఇల్లాలి పరిస్థితి ఆలోచించండి. గుర్తింపు కార్డు ఆయన పేరున ఉంటుంది. షావుకారు అప్పు మాత్రం ఇంటిది. ఇరవై ఏళ్ళు మగ్గం పక్కనే బతికిన మనిషి, ‘నేనూ ఈ పని చేసేదాన్నే’ అని ఏ కాగితం చూపించాలి?

ధర్మవరం దగ్గరే నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో సీతకీ ద్రౌపదికీ గొంతునిచ్చేది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. తెర వెనక ఉంటారు కనుక ముఖాలు తెలియవు, గొంతులైనా ఊరంతా విన్నది!

లెక్కలో పడాలంటే...

2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు కార్మికులున్నట్టు తేలింది. అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళే. గమనించాల్సిందేమిటంటే, ఆ గణనలో మగ్గం మీద కూర్చున్నవాళ్ళనే కాదు, కండెలు చుట్టేవాళ్ళనీ, పడుగు పోసేవాళ్ళనీ కూడా ‘అనుబంధ కార్మికులు’గా లెక్కేశారు, గుర్తింపు కార్డుకి వాళ్ళనీ అర్హులుగా చేర్చారు. ఇంట్లో ఒక కార్డుంటే చాల్లే అని ఊరుకున్నవాళ్ళు విడిగా తమ పేరున అడగొచ్చు. రాష్ట్రంలో చేనేత కార్మికులకి 50 ఏళ్ళకే పింఛను ఇస్తున్నారు, 2024 జూలై నుంచి అది నెలకి 4 వేలు. దానికి ఎవరెవరు అర్హులో సచివాలయంలో ఆడవాళ్ళే వెళ్ళి అడిగి తెలుసుకోవడం మంచిది.

2027లో జనాభా లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో ‘పని’ అంటే జీతమొచ్చేదే కానక్కర్లేదు. సొంత పొలంలో, ఇంటి పరిశ్రమలో కూలి తీసుకోకుండా చేసినా పనే. కుటీర పరిశ్రమకి ఎప్పట్నుంచో వేరే విభాగం ఉంది కూడా. కాబట్టి లెక్కలు రాసేవాళ్ళు గుమ్మంలోకొచ్చి అడిగినప్పుడు భర్తో అత్తగారో ‘ఆమె ఇంట్లోనే ఉంటుంది సార్’ అని చెప్పేలోపల మీరే ముందుకెళ్ళి చెప్పండి... కండెలు చుడతాననో, పురుగులకి మేత వేస్తాననో, చింతపండు కొడతాననో. ఏడాదిలో ఎన్ని నెలలు చేస్తారో కూడా అడుగుతారు. ఆరు నెలలకి తక్కువైతే ఒక రకంగా, ఎక్కువైతే ఇంకో రకంగా రాసుకుంటారు. ఎన్ని నెలలో ముందుగానే లెక్కేసుకుని పెట్టుకోండి.