ఓడ ఎక్కే ముందు మద్రాసులో

పౌలు భక్తుడు యెరూషలేముకు పోతూ దారిలో తూరు పట్టణంలో ఏడు దినాలు ఆగాడు. అక్కడి శిష్యులను వెదకి వారితో గడిపాడు. తిరిగి ఓడ ఎక్కే రోజున వారు భార్యాపిల్లలతో సహా ఊరి వెలుపలికి వచ్చి, సముద్రతీరాన మోకరించి ప్రార్థన చేసి సాగనంపారు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలోని ఈ భాగం చదివినప్పుడల్లా మాకు పత్తి, మిరప పండే మన నల్లరేగడి పల్లెల నుండి వలస వెళ్లినవారు గుర్తుకొస్తారు. వారూ ఓడ ఎక్కే ముందు ఒక పట్టణంలో ఆగారు. సాగనంపడానికి అంతదూరం రాగల స్తోమత వారి ఇంటివారిలో ఎంతమందికి ఉంటుంది?

ఆ పట్టణం మద్రాసు. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,184 మంది మన దేశం నుండి ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. ఒంగోలు మీదుగా మద్రాసుకు రైలు 1899లో గాని రాలేదు. అంతకుముందు కాలువ పడవ, ఎడ్లబండి, లేదా కాలినడకే.

మద్రాసులో వారి బస డిపోలో. ఓడకు సరిపడా మనుషులు చేరేదాకా రోజులు, ఒక్కోసారి వారాలు అక్కడే ఉండాలి. వైద్యుడు పరీక్షించేవాడు. చెరకుతోటలోనో, తేయాకు తోటలోనో, గనిలోనో ఐదేళ్లు పని. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. ఇష్టపడే వెళుతున్నావా అని అధికారి అడగాలి, అది నియమం. 1876-78 కరువు చూసినవాడు, ఇంటి ముందు అప్పులవాడు కూర్చున్నవాడు ఆ ప్రశ్నకు ఏమని చెబుతాడు? ఆ 'అవును'ను మేము ఇష్టమని అనలేం. అయితే అందరూ మోసపోయినవారే అనడమూ న్యాయం కాదు. అంటరానితనం నుండి, వెట్టి నుండి బయటపడాలని తెలిసే వెళ్లినవారూ ఉన్నారు.

మొదటి ఓడ పేరు ట్రూరో. 1860 అక్టోబర్‌లో మద్రాసులో బయలుదేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పటికి మద్రాసుకు కట్టిన రేవు లేదు. కొబ్బరినార తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో, కెరటాల మీద ఎగిరెగిరి పడుతూ దూరాన నిలిచిన ఓడను చేరుకోవాలి. సముద్రమే ఎరుగని సేద్యగాళ్లకు అదెంత భయమో! ఆ ఓడ జాబితాలో తెలుగువారిని 'జెంటూలు' అని రాశారు. క్రైస్తవులూ అందులో ఉన్నారు.

వారి వెనుక కాపరి వెళ్లడానికి చాలా ఏళ్లు పట్టింది. 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్యగారు, భార్య కనకమ్మగారితో కలిసి నాటాల్ చేరారు. ఆయనను పంపింది విదేశీ మిషను కాదు, తెలుగు బాప్టిస్టుల హోం మిషను సొసైటీ. ఆ ఏడాదే డిసెంబర్ 27న కియర్స్‌నీ తేయాకు తోటల్లో తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో ఆయన అక్కడే ప్రభువునందు నిద్రించారు.

ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తు రాసేవారు. ఆ కాగితాలు పట్టుకొని వారి మునిమనుమలు నేడు ఊళ్లు వెదుక్కుంటున్నారు. ఒక్క చిక్కుంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, ప్రకాశం 1970లో. అందుకే గుంటూరు పల్లె పాత జాబితాల్లో కృష్ణా జిల్లాలో ఉంటుంది, ఒంగోలు పల్లె నెల్లూరు జిల్లాలో ఉంటుంది. మన సంఘాల్లోని పాత బాప్తిస్మపు పుస్తకాలు చెదలు పట్టకుండా మిగిలి ఉంటే, ఆ పేర్లలో కొన్ని వాటిలోనూ దొరకవచ్చు.