ఇంటర్నేషనల్ స్కూలు, ద్విభాషా చదువు: రెండూ ఒకటి కావు

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో పిల్లవాడిని ఒకటో తరగతిలో వేయబోతున్న తల్లిదండ్రుల ముందు ఇప్పుడు అయిదు పేర్లు ఉంటున్నాయి. స్టేట్ సిలబస్, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, కేంబ్రిడ్జ్, ఐబీ. ఎవరిని అడిగినా తలో మాట చెప్తారు. ఒకరి చూపు ఐఐటీ మీద ఉంటుంది. ఇంకొకరికి బట్టీ చదువు వద్దు. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబం అక్కడి పద్ధతికి దగ్గరగా ఉన్న స్కూలు వెతుకుతుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మ మాత్రం "వాడికి తెలుగు చదవడం వస్తుందా?" అని అడుగుతుంది.

అందరివీ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఇందులో మూడు నిర్ణయాలు కలగలిసిపోయాయి. పిల్లవాడు ఏ పాఠ్యప్రణాళిక చదవాలి? ఏ భాషలో చదవాలి? చదివాక ఏ కాలేజీకి, ఏ దేశానికి వెళ్లాలి? స్కూలు ఈ మూడింటినీ కలిపి ఒకే ఫీజు చెప్తుంది. అందుకే వాటిని విడదీసి చూడాలని మనకు తోచదు. వీటిలో భాష ప్రభావం అన్నిటికంటే ఆలస్యంగా బయటపడుతుంది. అడ్మిషన్ రోజున తల్లిదండ్రులు తక్కువగా అడిగేదీ దాని గురించే.

ముందు ఇంటర్నేషనల్ స్కూలు అంటే ఏమిటో చూద్దాం. నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో ఒక స్కూలు మొదలైంది. తండ్రికి బదిలీ అయితే పిల్లవాడు దేశం మారతాడు. కొత్త దేశంలోని విశ్వవిద్యాలయం పాత దేశపు సర్టిఫికెట్‌ను ఒప్పుకోకపోవచ్చు. ఈ చిక్కును తీర్చడానికి 1968లో జెనీవా కేంద్రంగా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) అనే సంస్థ ఏర్పడింది. మన దేశంలో ఐబీ డిప్లొమాను మొదట తీసుకొచ్చింది కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు, 1976లో. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం వచ్చినప్పుడు, విదేశీ శాస్త్రవేత్తల పిల్లల కోసం 1972లో ఒక ఇంటర్నేషనల్ స్కూలు పెట్టారు. అంటే ఈ స్కూళ్లు పుట్టింది దేశాలు మారే కుటుంబాల కోసం. ఇప్పుడు వాటిలో చేరుతున్న పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇంటర్ వయసుకు వచ్చేవాళ్లు. ఈ మార్పును గుర్తుంచుకుంటే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. గేటు మీద 'ఇంటర్నేషనల్' అని రాసుకున్న ప్రతి స్కూల్లోనూ అంతర్జాతీయ సిలబస్ ఉండదు. పేరులో ఆ మాట ఉండి, లోపల సీబీఎస్‌ఈనో స్టేట్ సిలబస్సో చెప్పే స్కూళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. అది తప్పేమీ కాదు. కానీ ఏ బోర్డు గుర్తింపు ఉంది, ఏ తరగతి వరకు ఉంది అన్నది కాగితం మీద చూడాలి. ఐబీలో పూర్తి గుర్తింపు రాకముందు 'క్యాండిడేట్ స్కూలు' (దరఖాస్తు చేసుకుని పరిశీలనలో ఉన్న స్కూలు) అనే దశ ఉంటుంది. ఆ దశలో చేరుతున్నారో లేదో తెలుసుకోవాలి.

సిలబస్ తీరు క్లుప్తంగా ఇదీ. కేంబ్రిడ్జ్‌లో పదో తరగతి స్థాయి పరీక్షను ఐజీసీఎస్‌ఈ అంటారు. ఆ తర్వాతి రెండేళ్ల చదువును 'ఏ లెవెల్' (A Level) అంటారు. విద్యార్థి కొన్ని సబ్జెక్టులే ఎంచుకుని లోతుగా చదువుతాడు. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు ఉంటాయి. ఒక్కోదానికి 7 మార్కులు. వీటితో పాటు జ్ఞానం ఎలా ఏర్పడుతుందో చర్చించే ఒక పేపరు, నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసం ఉంటాయి, వాటికి 3 మార్కులు. మొత్తం 45. క్రీడలు, సేవా కార్యక్రమాలకు మార్కులు ఉండవు, కానీ అవి పూర్తి చేయకపోతే డిప్లొమా రాదు.

ఇక భాష సంగతి. ద్విభాషా చదువు అంటే రెండు భాషల్లోనూ పాఠాలు నడిచే చదువు. సైన్సు ఒక భాషలో, చరిత్ర ఇంకో భాషలో చెప్పవచ్చు. ఒకే పాఠాన్ని రెండు భాషల్లోనూ చెప్పవచ్చు. వారానికి మూడు నాలుగు పీరియడ్లు తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా చెప్పినంత మాత్రాన అది ద్విభాషా స్కూలు కాదు. ఈ లెక్కన మన నగరాల్లోని ఇంటర్నేషనల్ స్కూళ్లలో అత్యధికం ఇంగ్లీషు ఏకభాషా స్కూళ్లే. పిల్లలు ఇంట్లో రెండో భాష మాట్లాడతారు కాబట్టి ద్విభాషా స్కూళ్లలా కనిపిస్తాయి, అంతే.

ఇంట్లో లేని భాషలో చదివితే పిల్లలకు ఏమవుతుంది? దీనికి అందరూ చెప్పే ఉదాహరణ కెనడాలో ఉంది. క్యూబెక్ రాష్ట్రంలోని సెయింట్ లాంబర్ట్ అనే చిన్న ఊళ్లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు కొందరు, చుట్టూ ఫ్రెంచి ఉన్నా తమ పిల్లలకు అది సరిగ్గా రావడం లేదని గమనించారు. స్కూలు బోర్డుతో పట్టుబట్టి 1965లో కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో పాఠాలు మొదలుపెట్టించారు. దీన్ని ఇమ్మర్షన్ (ఇంట్లో మాట్లాడని భాషలోనే పాఠాలు చెప్పే పద్ధతి) అంటారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్ ఆ పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. మొదట్లో ఇంగ్లీషు చదవడంలో, రాయడంలో కాస్త వెనుకబడ్డారు. ఇంగ్లీషు పీరియడ్లు మొదలయ్యాక త్వరలోనే తోటివారిని అందుకున్నారు. ఫ్రెంచి మాత్రం మామూలు స్కూళ్ల పిల్లలకంటే ఎంతో మెరుగ్గా వచ్చింది. లెక్కల్లో నష్టం కనిపించలేదు.

మన స్కూళ్ల ప్రచారంలోనూ ఈ ఫలితాన్నే రకరకాలుగా చెప్తారు. చిన్నప్పుడే వేరే భాషలో ముంచితే పిల్లలు రెండూ నేర్చేసుకుంటారని. ఇక్కడ ఆగి ఒక్క విషయం చూడాలి. సెయింట్ లాంబర్ట్ పిల్లల ఇంటిభాష ఇంగ్లీషు. ఉత్తర అమెరికా అంతటా ఉద్యోగాల భాష, సినిమాల భాష, పుస్తకాల భాష అదే. స్కూల్లో ఫ్రెంచి ఎంత చదివినా ఆ ఇంగ్లీషుకు ఢోకా లేదు. కొత్త భాష పాతదానికి తోడుగా చేరింది. దీన్ని లాంబర్ట్ సంకలన ద్విభాషత్వం (ఉన్న భాష ఉండగా మరొకటి చేరడం) అన్నాడు. దానికి ఎదురుగా వ్యవకలన ద్విభాషత్వం (కొత్త భాష వచ్చి పాతదాన్ని తీసేయడం) ఉంటుందన్నాడు.

తెలుగింటి పిల్లవాడు ఇంగ్లీషు స్కూల్లో చేరితే పరిస్థితి తిరగబడుతుంది. స్కూలు భాష బలమైనది. బయట ప్రతిష్ఠ దానిదే. ఇంటిభాషకు స్కూల్లో చోటు తక్కువ, టీవీలో, ఫోనులో కూడా పోటీ ఎక్కువ. కాబట్టి కెనడా ఫలితం ఇక్కడ దానంతటదే రాదు. ఇల్లు పూనుకుని తెలుగు చదివిస్తే, రాయిస్తే వస్తుంది. నా దృష్టిలో తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పని ముఖ్యమైన సంగతి ఇదే.

రెండో సంగతి కాలానికి సంబంధించినది. కెనడాలోనే పనిచేసిన జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడాను ఎత్తి చూపాడు. ఆటల్లో, కబుర్లలో పనికొచ్చే భాష వేరు, పాఠం అర్థం చేసుకోవడానికి కావలసిన భాష వేరు. మొదటిది సుమారు రెండేళ్లలో వస్తుంది. రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అందుకే రెండో తరగతి పిల్లవాడు బంధువుల ముందు ఇంగ్లీషులో గలగలా మాట్లాడితే మనం నిశ్చింతగా ఉంటాం. చిక్కు నాలుగు, అయిదు తరగతుల్లో బయటపడుతుంది.

ఒక మూడో తరగతి లెక్క తీసుకోండి. సీత దగ్గర 42 పూసలు ఉన్నాయి, రాము దగ్గర 17 ఉన్నాయి, సీత దగ్గర ఎన్ని ఎక్కువ? ఇదే లెక్క ఇంగ్లీషు పుస్తకంలో ఉంటే, చాలామంది పిల్లలు 'మోర్' అన్న మాట చూసి కూడేసి 59 అని రాస్తారు. 42లోంచి 17 తీసేయమంటే వాళ్లే సరిగ్గా 25 అని చెప్తారు. వాళ్లకు తీసివేత వచ్చు. వాక్యం మధ్యలో ఏం అడుగుతున్నారో పట్టుకోవడం రాలేదు. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో తప్పు గుర్తు పడుతుంది, ఇంట్లో లెక్కల ట్యూషన్ పెట్టిస్తారు. పూసలు ముందు పెట్టి, ఇంట్లో మాట్లాడే తెలుగులో పోల్చి చూపిస్తే చాలామందికి సంగతి అందుతుంది. ఆ అవగాహన మళ్లీ ఇంగ్లీషు లెక్కలోకి వెళ్తుంది. ఒక భాషలో అర్థమైన విషయం రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదన్నది కమిన్స్ వాదనలో కీలకం. ఇంట్లో తెలుగులో పాఠం చర్చిస్తే ఇంగ్లీషు పాడవుతుందన్న భయానికి ఆధారం లేదు.

ఈ కోణంలో చూస్తే అసలైన ద్విభాషా సాధనం మన ప్రభుత్వ బడుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఎదురెదురు పేజీల్లో ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలంగాణలోనూ 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు అలాంటివి ఇచ్చారు. ఇంగ్లీషులో ఆగిపోయిన పిల్లవాడు చూపు పక్క పేజీకి తిప్పితే చాలు. ఇంగ్లీషు రాని తల్లి కూడా పక్కన కూర్చుని పాఠం చెప్పగలదు. పుస్తకం ఒక్కటే చాలదు, రెండు పేజీలనూ వాడి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కావాలి. ఆ శిక్షణ పుస్తకాలు పంచినంత తేలిక కాదు. అయినా ఆ పుస్తకాలు ఖరీదైన స్కూళ్లలోనూ పిల్లల బల్లల మీద ఉండాల్సినవని నేను నమ్ముతాను.

ఇక చట్టం సంగతి. మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ 2018లో చేసిన చట్టం ప్రకారం ఒకటి నుంచి పది వరకు, ఏ బోర్డు స్కూలైనా, తెలుగు ఒక సబ్జెక్టుగా చెప్పాలి. కాబట్టి హైదరాబాద్‌లోని ఇంటర్నేషనల్ స్కూలును 'తెలుగు ఎవరు చెప్తారు, ఏ పుస్తకంతో, వారానికి ఎన్ని పీరియడ్లు?' అని నిస్సంకోచంగా అడగవచ్చు.

మూడో నిర్ణయం, పిల్లవాడు చివరికి ఎక్కడికి వెళ్తాడన్నది. విదేశీ విశ్వవిద్యాలయాలకు ఐబీ, 'ఏ లెవెల్' నేరుగా పనికొస్తాయి. ఉపాధ్యాయులు ముందే అంచనా వేసి పంపే గ్రేడ్ల మీద అక్కడ చాలాచోట్ల షరతులతో సీటు ఇస్తారు. ఇక్కడ చేరాలంటే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) నుంచి సమానత్వ పత్రం (విదేశీ చదువు మన పన్నెండో తరగతికి సమానమని చెప్పే పత్రం) కావాలి. తేదీల ఇబ్బంది కూడా ఉంది. ఐబీ మే పరీక్షల ఫలితాలు జులై మొదట్లో వస్తాయి. కేంబ్రిడ్జ్ మే-జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టులో వస్తాయి. అప్పటికి ఇక్కడ కౌన్సెలింగ్ నడుస్తూనో ముగిసిపోయో ఉంటుంది. అందుకే కేంబ్రిడ్జ్ మన దేశంలో మార్చి పరీక్షలు కూడా పెడుతుంది.

డాక్టరు కావాలనుకునే వాళ్లు మరింత ముందుగా చూసుకోవాలి. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. ఐబీలో ఆరు సబ్జెక్టులను వేర్వేరు విభాగాల నుంచి ఎంచుకోవాలి కాబట్టి మామూలుగా రెండు సైన్సులకే చోటుంటుంది. మూడోది కావాలంటే స్కూలు ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. ఇది పదకొండో తరగతిలో చేరాక కాదు, తొమ్మిదిలో ఉండగానే అడగాల్సిన విషయం. ఐఐటీ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఐబీ డిప్లొమా రెండేళ్లూ ప్రాజెక్టులు, ల్యాబ్ నివేదికలు, వ్యాసాలతో నిండిపోతాయి. దాని మీద జేఈఈ కోచింగ్ పెడితే పిల్లవాడు రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. అలా నెగ్గిన పిల్లలు ఉన్నారు. కానీ ఆ భారం మోసేది పిల్లవాడు కాబట్టి, నిర్ణయం వాడితో మాట్లాడి తీసుకోవాలి.

విదేశాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇమ్మర్షన్ అనుభవం తలకిందులుగా ఎదురవుతుంది. అమెరికాలో వారాంతాల్లో నడిచే 'మనబడి' అనే తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకున్న పిల్లవాడు ఇక్కడ అయిదో తరగతి తెలుగు వాచకం ముందు తడబడతాడు. ఇలాంటి పిల్లలకు సిలబస్ మార్పు కంటే తెలుగు తరగతిలో స్థాయి మార్పు ఎక్కువ మేలు చేస్తుంది. రెండు తరగతులు కింది పుస్తకంతో మొదలుపెట్టడానికి స్కూలు ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి తేల్చుకోవాలి.

స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు, చూడండి. ఆ తర్వాత నాలుగో తరగతిలో పావుగంట వెనక బల్ల మీద కూర్చోనివ్వమని అడగండి. టీచరు ప్రశ్న అడిగాక పిల్లలు పూర్తి వాక్యాల్లో జవాబు చెప్తున్నారా, ఒక్క మాటతో సరిపెడుతున్నారా గమనించండి. జవాబు తోచక ఆగిన పిల్లవాడు తెలుగులో చెప్పబోతే టీచరు విని సాయం చేస్తున్నారా, 'ఓన్లీ ఇంగ్లీష్' అని కూర్చోబెడుతున్నారా చూడండి. కిందటేడు పన్నెండో తరగతి పూర్తి చేసిన పిల్లల్లో ఇక్కడి కాలేజీల్లో ఎందరు, విదేశాల్లో ఎందరు చేరారో అడగండి. చాలా స్కూళ్లలో వచ్చే ఏడాది సీట్లకు దరఖాస్తులు దసరా తర్వాత మొదలవుతాయి. తరగతులు నడుస్తున్న ఆ నెలల్లోనే వెళ్తే ఇవన్నీ స్వయంగా చూడవచ్చు. వేసవి సెలవుల్లో వెళ్తే బ్రోచరు మాత్రమే చేతికొస్తుంది.