నవ్వించేదంతా మంచిదేనా?

సూర్యాపేటలోనైనా, కోదాడ, మిర్యాలగూడలలోనైనా తల్లిదండ్రుల ప్రశ్న ఒక్కటే: "రక్తపాతము లేని చిన్న హాస్యచిత్రమే గదా, పిల్లలు చూడవచ్చునా?"

2018లో తరుణ్ భాస్కర్ తీసిన ‘ఈ నగరానికి ఏమైంది?’నే తీసుకొందాము. నలుగురు స్నేహితులు, చెదిరిన షార్ట్ ఫిల్మ్ కల, మరల కలిసి పనిచేయుట – ఇది మంచిదే. అయితే వారు తప్పతాగి గోవా చేరుట కూడ నవ్వుగానే కనబడును. త్రాగుబోతు తండ్రి ఉన్న ఇంటి బిడ్డకు అది నవ్వు కాదు, గాయము.

2024 నియమములు యు/ఎ ధ్రువపత్రమును 7, 13, 16 ఏండ్ల వారీగా విభజించినవి. అది సూచన మాత్రమే. ముందు మీరు చూడండి. పదహారు దాటిన పిల్లలతో కలిసి చూచి, "ఇక్కడ మనమెందుకు నవ్వాము?" అని అడగండి. ఫిలిప్పీ 4:8 మనకు కొలబద్ద.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.