మిస్డ్ కాల్‌కి కూడా ఒక రూల్ ఉంది

మీ దగ్గర ఒక కంపెనీ సిమ్ ఉంది. మీ దోస్తు దగ్గర ఇంకో కంపెనీ సిమ్ ఉంది. ఈ రెండు కంపెనీలకి అస్సలు పడదు. ఒకదాని కస్టమర్లని ఇంకొకటి గుంజుకోవాలని చూస్తుంటాయి. అయినా మీరు నంబర్ కొట్టగానే మీ దోస్తు ఫోన్ రింగ్ అవుతుంది. ఎందుకు? వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపలేం కదా. మరి జియో నుంచి ఎయిర్‌టెల్‌కి కాల్ ఎట్లా పోతోంది?

కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్‌లో హ్యాండ్‌షేక్ గురించి పది మార్కుల జవాబు రాసేస్తాం గానీ ఈ ప్రశ్న మనల్ని ఎవరూ అడగరు. జవాబులో సగం టెక్నాలజీ, సగం చట్టం. రెండూ కలిపి చెప్పుకుంటేనే అర్థమవుతుంది.

కాల్ ఎట్లా పోతుంది?

సుల్తానాబాద్ బస్టాండ్‌లో నిలబడి పెద్దపల్లిలో ఉన్న దోస్తుకి ఫోన్ చేశారనుకోండి. మీ మాట తరంగాలుగా మారి దగ్గర్లోని టవర్‌కి చేరుతుంది. గాలిలో ప్రయాణం దాదాపు అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత చాలా దూరం భూమిలో వేసిన ఫైబర్ మీదనే పోతుంది. అట్లా పోయి మీ కంపెనీ కోర్ నెట్‌వర్క్‌ని చేరుతుంది. కోర్ అంటే కంపెనీకి మెదడు లాంటిది. మీ ప్యాక్‌కి వ్యాలిడిటీ ఉందా, మీరు కొట్టిన నంబర్ ఏ కంపెనీది అని చూసేది అదే.

నంబర్ వేరే కంపెనీది అయితే రెండు నెట్‌వర్క్‌లని కలిపే చోటు నుంచి కాల్ అవతలికి దాటుతుంది. దాన్నే పాయింట్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్ అంటారు. అవతలి కంపెనీ తన డేటాబేస్ తీసి, మీ దోస్తు ఫోన్ చివరగా ఏ ఏరియాలో కనిపించిందో చూస్తుంది. అక్కడి టవర్లన్నీ కలిసి ఆ ఫోన్‌ని పిలుస్తాయి. ఫోన్ పలుకుతుంది, రింగ్ అవుతుంది. బస్సెక్కితే కాసేపట్లో దిగిపోయే దూరానికి మాట ఇంత చుట్టూ తిరిగి వస్తుంది!

కలపను అంటే?

అసలు కథ ఆ కలిపే చోటు దగ్గరే ఉంది. ఒక పాత కంపెనీకి కోటి మంది కస్టమర్లు ఉన్నారనుకుందాం. కొత్త కంపెనీకి వెయ్యి మందే. పాతది "మీ కాల్స్ మేం తీసుకోం" అంటే పాతదానికి పోయేది పెద్దగా ఏం లేదు. కొత్తది మాత్రం మునిగిపోతుంది. ఆ వెయ్యి మందితోనే మాట్లాడుకోవడానికి సిమ్ ఎవరు కొంటారు?

మన దిక్కు రైతులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎస్సారెస్పీ కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు తూము మొత్తం ఎత్తుకుంటే చివరి ఆయకట్టుకి చుక్క రాదు. అందుకే చెరువు కింద నీళ్ళు పంచడానికి ఊరికొక నీరడి ఉండేవాడు. ఫోన్ల కాలువకి కూడా నీరడి కావాలి.

ఇది ఊహించుకుని చెప్తున్నది కాదు. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. దాని నుంచి వేరే నెట్‌వర్క్‌లకి చేసిన కాల్స్ పెద్ద సంఖ్యలో ఫెయిలయ్యాయి. కలిపే చోట సరిపడా లైన్లు ఇవ్వట్లేదని జియో ఫిర్యాదు చేసింది. ఫ్రీ కాల్స్ వల్ల వరదంతా ఒక వైపు నుంచే వస్తోందని పాత కంపెనీలు వాదించాయి. ఆ అక్టోబర్‌లో నియంత్రణ సంస్థ మూడు పాత కంపెనీలకి కలిపి 3,050 కోట్ల జరిమానా వేయమని ప్రభుత్వానికి సిఫార్సు చేసింది.

నీరడి ఎవరు?

మొదట్లో ఫోన్లు నడిపేది, లైసెన్సులు ఇచ్చేది ఒక్కరే: కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ. ఆటగాడూ వాడే, అంపైరూ వాడే. ఈ పద్ధతిలో మొదటి పెద్ద మార్పు 1994 మే నెలలో వచ్చిన జాతీయ టెలికాం విధానం. ప్రైవేటు కంపెనీలకి తలుపు తీసింది అదే. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు. 1957 నుంచి 1977 దాకా మన పక్కనే ఉన్న మంథనికి ఎమ్మెల్యేగా ఉన్నది ఆయనే. ఆ రోజు దేశం మొత్తం మీద ఉన్న లైన్లు సుమారు 80 లక్షలు. ఫోన్ కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు 25 లక్షల మంది. 5.76 లక్షల ఊర్లుంటే ఫోన్ ఉన్నవి 1.4 లక్షలే. 1997 కల్లా ప్రతి ఊరికీ ఫోన్ రావాలని ఆ విధానంలో రాసుకున్నారు. అది అనుకున్న టైమ్‌కి జరగలేదు.

తర్వాత పనులు పంచారు. 1997లో ట్రాయ్ వచ్చింది. కంపెనీల మధ్య ఇంటర్‌కనెక్షన్, సర్వీస్ క్వాలిటీ, ఛార్జీల నిబంధనలు దాని పని. 2000లో తగాదాలు తీర్చడానికి టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు. అదే ఏడాది అక్టోబర్ 1న ఫోన్లు నడిపే పనిని విడదీసి బీఎస్ఎన్ఎల్ చేశారు. లైసెన్సులు ఇచ్చే అధికారం, స్పెక్ట్రమ్ పంచే అధికారం మాత్రం ఇప్పటికీ ప్రభుత్వానిదే. స్పెక్ట్రమ్ అంటే గాలిలోని ఫ్రీక్వెన్సీలు. అవి కొన్నే ఉంటాయి కాబట్టి ఎవరికి ఇచ్చారన్నది పెద్ద విషయం. 2008లో ఇచ్చిన 122 లైసెన్సులని 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు రద్దు చేసింది అందుకే.

ఇంకో తమాషా. లైసెన్సుల కోసం దేశాన్ని 22 సర్కిళ్ళుగా విడగొట్టారు. తెలంగాణ 2014లో వచ్చింది, పెద్దపల్లి జిల్లా 2016లో వచ్చింది. ఈ మ్యాప్‌లో మాత్రం సుల్తానాబాద్ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది!

చివరి ఆయకట్టు సంగతి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ అడవుల్లోని గూడేలలో టవర్ వేస్తే లాభం రాదు. అందుకని కంపెనీల ఆదాయంలో 5 శాతం ఒక నిధికి తీసుకుంటారు. ఆ పైసలతో లాభం రాని చోట్ల నెట్‌వర్క్ వేయిస్తారు. 2023 టెలికాం చట్టం ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది.

మిస్డ్ కాల్ లెక్క

మొబైల్ వచ్చిన కొత్తలో ఇన్‌కమింగ్‌కి కూడా పైసలు పడేవి. మనకి ఫోన్ వస్తే మనమే కట్టాలి! 2003 మే నుంచి ఆ పద్ధతి మారింది. కాల్ చేసినవాళ్ళే కడతారు, వాళ్ళ కంపెనీ కాల్ అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని ఇస్తుంది. ఆ రేటు ట్రాయ్ పెట్టేది. 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబర్ నుంచి 6. మిస్డ్ కాల్ మన దేశంలో ఒక భాష అయిపోయింది ఈ కాలంలోనే. ఒక రింగ్ ఇస్తే "బస్సెక్కిన", రెండు ఇస్తే "నువ్వే చెయ్యి".

కంపెనీలు కూడా ఆ భాష నేర్చుకున్నాయి. 2019లో ఫోన్ మోగే టైమ్‌ని 25, 20 సెకన్లకి దింపాయి. ఎందుకో ఆలోచించండి. ఎత్తేలోపే కట్ అయితే అది మిస్డ్ కాల్. అవతలివాళ్ళు తిరిగి చేస్తారు. అప్పుడు 6 పైసలు అటు నుంచి ఇటు వస్తాయి. మనం పొలంలోంచి చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఫోన్ ఆగిపోవడం వెనక ఇంత లెక్క ఉంది! చివరికి 2019 నవంబర్‌లో ట్రాయ్ రూల్ పెట్టింది. ఎవరూ ఎత్తకపోయినా, కట్ చేయకపోయినా మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలి. 2021 జనవరి 1 నుంచి ఆ 6 పైసలు కూడా సున్నా అయ్యాయి.

మనకేం ఒరిగింది?

మొదటిది, నంబర్. సుల్తానాబాద్ రైస్ మిల్లు బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, లారీ వెనక ఒకటే నంబర్ ఉంటుంది. కంపెనీ మారితే అది పోతుందంటే ఎవరైనా నచ్చకపోయినా అదే కంపెనీలో పడి ఉంటారు. 2011 జనవరి 20న పోర్టబిలిటీ దేశమంతా వచ్చాక నంబర్ మనతోనే వస్తోంది. మన భాషలో చెప్పాలంటే నంబర్ ఇప్పుడు అడ్రస్ కాదు, పాయింటర్. పోర్ట్ అని, స్పేస్ ఇచ్చి మీ నంబర్ రాసి 1900కి ఎస్సెమ్మెస్ పెడితే కోడ్ వస్తుంది.

రెండోది, ధర. ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ప్యాక్ ధర ట్రాయ్ పెట్టదు, కంపెనీలే పెట్టుకుంటాయి. మా నాయనమ్మది కీప్యాడ్ ఫోన్. ఆమెకి నెట్‌తో పనే లేదు. అయినా ఇన్‌కమింగ్ ఆగిపోకుండా డేటా ఉన్న ప్యాకే వేయించేవాళ్ళం. వాడని జీబీలకి ప్రతి నెలా పైసలు! 2024 డిసెంబర్ 23న ట్రాయ్ ఒక సవరణ తెచ్చింది. మాట, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్ కనీసం ఒకటైనా ప్రతి కంపెనీ పెట్టాలి. దాని గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. అది చౌకగా ఉంటుందన్న గ్యారంటీ రూల్‌లో లేదు. కానీ అడిగితే ఉండి తీరాలి. మీ ఇంట్లో కీప్యాడ్ ఫోన్ ఉంటే షాపులో పేరు పెట్టి అడగండి.

మూడోది, ఫిర్యాదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు. ముందు కంపెనీ కస్టమర్ కేర్, తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీల్. వినియోగదారుల కమిషన్‌కి కూడా పోవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ రూల్స్ ఏవీ కంపెనీలు తమంతట తాము ఇచ్చినవి కావు. చాలావరకు ట్రాయ్ ముందు ఒక చర్చా పత్రం పెట్టి, ఎవరైనా అభిప్రాయం రాయొచ్చని చెప్పాకే వచ్చాయి. 2015లో నెట్ న్యూట్రాలిటీ మీద పది లక్షలకి పైగా ఈమెయిల్స్ వెళ్ళాయి. కొన్ని వెబ్‌సైట్లకి ఒక రేటు, మిగతావాటికి ఇంకో రేటు పెట్టడం 2016 ఫిబ్రవరి 8న నిషేధించారు. ఆ ఈమెయిల్స్ రాసినవాళ్ళలో మన వయసువాళ్ళు ఎంతో మంది.

ఆ పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. మా నాయనమ్మ లాంటివాళ్ళ ప్యాక్ గురించి అక్కడ చర్చ జరుగుతుంటే ఆమెకి తెలిసే దారే లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు క్లబ్‌లో చేరిన మనకి ఇంతకన్నా పనికొచ్చే పని ఏముంటుంది? ఈసారి పత్రం వచ్చినప్పుడు రెండు పేజీల్లో తెలుగులో రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడదాం. అభిప్రాయాలు వాళ్ళు చెప్తారు, ఈమెయిల్ మనం కొడదాం.