గరివిడి వేదిక, భరణి స్టూడియో

తెలుగు సినిమాలో బహుముఖ ప్రజ్ఞ అనగానే భానుమతి గుర్తొస్తారు. 1939లో 'వరవిక్రయం'తో నటిగా వచ్చారు. తన పాటలు తానే పాడుకున్నారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో స్వయంగా డైరెక్ట్ చేశారు. 'అత్తగారి కథలు' రాశారు. ఆ ప్రతిభ తిరుగులేనిది. దానికి దొరికిన ఆసరానూ చూడాలంటాం మేం. ఇంట్లోనే సంగీతం నేర్పిన తండ్రి, సినిమా పని తెలిసిన భర్త రామకృష్ణ, సొంత సంస్థ, సొంత భరణి స్టూడియో.

ఇక విజయనగరం జిల్లా గరివిడికి వద్దాం. ఊరి పేరే ఇంటిపేరైన బుర్రకథ కళాకారిణి గరివిడి లక్ష్మి ఉత్తరాంధ్రకు తెలిసిన పేరు. బుర్రకథలో కథకురాలు తంబురా మీటుతూ, అందెలతో తాళం వేస్తూ పాడాలి. పాత్రలన్నీ తానే అభినయించాలి. గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలను నడిపించాలి. గాయని, నటి, దర్శకురాలు అన్నీ ఆమే. కానీ ఆ పనికి సినిమా టైటిల్స్‌లో పడినట్టు పేరు పడదు. తెల్లవారితే వేదిక విప్పేస్తారు.

తెరకెక్కినా అందరికీ ఒకే న్యాయం జరగలేదు. మలయాళ సినిమా తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత మహిళ. నాయర్ స్త్రీగా నటించినందుకు అగ్రకులాల దాడికి గురై ఊరు విడిచిపోయింది. ఆ సినిమా ప్రింటు కూడా మిగల్లేదు.

ప్రతిభ ఏ వాడలోనైనా పుడుతుంది. నిలబడాలంటే కెమెరా, ఎడిటింగ్, రికార్డింగ్ మన చేతికి రావాలి. మన ఊళ్ల కథకురాళ్లను వాళ్లు పాడగలిగినప్పుడే, వాళ్ల పేర్లతో రికార్డు చేద్దాం. విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.