“మత్తుమందు పడలేదు” అను మాట

శస్త్రచికిత్స వేళ ఏదైన కీడు వాటిల్లినచో మన పెద్దలు “మత్తుమందు పడలేదు” అని తేల్చివేయుదురు. ఆ మాటలో రెండు వేర్వేరు ఆపదలు కలిసిపోవుచున్నవి. వాని భేదము మన బరంపురము, గంజాము తెలుగు కుటుంబములకు తెలియవలెనని మా తలంపు.

శస్త్రచికిత్సలో నిదురకు ఒక మందు, కండరములు సడలుటకు మరియొక మందు ఇత్తురు. ఈ రెండవదానికి మూలము దక్షిణ అమెరికా అడవివాసులు బాణములకు పూసిన క్యురారే విషము. 1942లో కెనడాలోని మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ అను వైద్యులు దానిని వాడి దారి చూపిరి. నేడు స్కోలిన్, రోక్యురోనియం మొదలగునవి వాడుకలో ఉన్నవి. ఇవి శ్వాసకండరములను సైతము సడలించును గనుక, వాని ప్రభావము తీరువరకు వైద్యులే ఊపిరి నడిపింతురు.

మొదటి ఆపద అలర్జీ. శరీరము మందును శత్రువుగా నెంచి తిరుగబడును. నిమిషములలో రక్తపోటు పడిపోవును, ఊపిరిగొట్టములు బిగియును. ఆ మందు మునుపెన్నడు తీసికొననివారికిని ఇది రావచ్చును. కొన్ని దగ్గుమందులలోని ఫోల్కోడిన్ శరీరమును ముందే ఇట్లు సిద్ధపరచుచున్నదని, 2022 డిసెంబరులో ఐరోపా మందుల సంస్థ దానిని విపణి నుండి తొలగింపుమని సూచించెను. ఈ ఆపదకు విరుగుడు అడ్రినలిన్.

రెండవది అలర్జీ కానే కాదు. స్కోలిన్‌ను రక్తములోని ఒక ఎంజైము నిమిషములలో విఱిచివేయును. పుట్టుకతో అది లోపించినవారికి గంటల తరబడి సొంత ఊపిరి రాదు. యంత్రముతో ఊపిరి నడిపినచో తేరుకొందురు. ఈ లోపము ఆర్యవైశ్యులలో హెచ్చుగా కనబడుట వైద్యలోకమునకు తెలిసినదే. అందుకు మూలమైన జన్యుమార్పును కోయంబత్తూరు పరిశోధకులు 2006లో ప్రకటించిరి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. నిత్యజీవితమున ఈ లోపము వలన ఏ బాధయు నుండదు.

ఇక మన చిక్కు. బరంపురము ఆసుపత్రులలో ప్రశ్న ఒడియాలో, కాగితము ఆంగ్లములో, రోగి తెలుగులో. అమ్మమ్మకు నోరు కావలసినది మీరే, పిల్లలారా! “మందు పడలేదు” అని ఊరకుండక, ఏ మందు, ఏమి జరిగినది, ఒడలు ఎఱ్ఱబారి రక్తపోటు పడినదా, లేక ఊపిరి ఆలస్యముగా వచ్చినదా అని విడమరచి మత్తువైద్యునికి చెప్పుడు. ముందు జరిగిన ఆసుపత్రి నుండి మందు పేరు వ్రాయించిన చీటి తెచ్చినచో ఇంకను మేలు.

ఎంజైము లోపమున్నవారికి స్కోలిన్ బదులు రోక్యురోనియం వాడవచ్చును. స్కోలిన్ అలర్జీ గలవారికి మాత్రము రోక్యురోనియం కూడ పడకపోవచ్చును. కొన్ని వారముల పిమ్మట చర్మపరీక్షలు చేసి ఏది తగునో నిర్ణయింతురు. ఎంజైమునకు రక్తపరీక్ష చాలును. ఒకరికి లోపము తేలినచో తోబుట్టువులకును ఆ పరీక్ష చేయింపవలెను.